పత్రికా ఫొటోగ్రాఫరు వెంట నెల రోజులు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

పత్రికా ఛాయాచిత్రణ గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఈ పనిని తరగతి గదిలో కాకుండా, పనిచేస్తున్న ఫొటోగ్రాఫరు వెంట తిరిగి నేర్చుకోవడం ఎలా అన్న ప్రశ్న వాటిలో ఎక్కువగా కనిపించింది. నేను కూడా అలాగే నేర్చుకున్నవాడిని కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను గుంటూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక దినపత్రికలో పనిచేసే ఫొటోగ్రాఫరు గారు సెలవుల్లో నెల రోజుల పాటు తన వెంట రమ్మన్నారు. అయితే "పాఠాలు చెప్పే తీరిక నాకు లేదు, చూసి నేర్చుకో" అన్నారు. నా దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు మాత్రమే ఉన్నాయి. ఈ నెల రోజుల్లో నేను ఏం చూడాలి? నేను కూడా ఫొటోలు తీయవచ్చా?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆయన మాటకు మీరు నిరుత్సాహపడనక్కర్లేదు. పొద్దున ధర్నా, పదకొండింటికి ప్రెస్‌మీట్, మధ్యాహ్నం ఎక్కడో ప్రమాదం, సాయంత్రం సభ, ఈ నడుమ బ్యూరో నుంచి ఆగకుండా వచ్చే ఫోన్లు, చీకటి పడేలోగా డెస్కుకు (వార్తలూ ఫొటోలూ ఎంచి పేజీకి సిద్ధం చేసే విభాగానికి) చేరవలసిన ఫొటోలు, ఇన్నింటి మధ్య తిరిగే మనిషి మిమ్మల్ని వెంట రానివ్వడమే పెద్ద ఉపకారం. మన దేశంలో ఈ వృత్తి చాలావరకు ఇలా ఒకరి వెంట మరొకరు తిరగడం వల్లనే నిలబడింది. రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఢిల్లీలో పత్రికా ఫొటోగ్రాఫరుగా పేరున్న అన్న ఎస్. పాల్ దగ్గరికి వచ్చాకే ఆయన చేతికి కెమెరా వచ్చింది, తమ్ముడు తీసిన గాడిదపిల్ల ఫొటోను లండన్ టైమ్స్ పత్రికకు పంపింది కూడా ఆ అన్నే. తెలంగాణ సాయుధ పోరాట కాలపు ఫొటోలతో మనకు తెలిసిన సునీల్ జానా ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంటూ, 1943 బెంగాల్ కరవు సమయంలో పి.సి. జోషి వెంట ఊళ్లు తిరగడంతో ఈ దారిలోకి వచ్చారు. జోషి ఫొటోగ్రాఫరు కాదు, రాజకీయ నాయకుడు. ఎవరి వెంట నడిచామన్నది ఫొటో మీద ఎంత ప్రభావం చూపుతుందో ఆ కరవు చిత్రాలు చూస్తే తెలుస్తుంది.

మొదటి వారం మీ సీనియర్ కెమెరా సెట్టింగుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకండి. కెమెరా కంటికి ఆనించక ముందు ఆయన ఏం చేస్తున్నారో గమనించండి. ఎక్కడ నిలబడ్డారు, ఎవరితో మాట కలిపారు, వెలుగు ఏ వైపు నుంచి వస్తోందని చూశారు, ఎంతసేపు ఏమీ తీయకుండా ఉన్నారు అన్నవి చూడండి. బటన్ నొక్కడం అందరికీ కనిపిస్తుంది. దానికి ముందు గడిచిన అరగంటను మాత్రం వెంట ఉన్నవాడు తప్ప మరెవరూ చూడలేరు.

మిర్చి యార్డు మీ ఊళ్లోనే ఉంది కాబట్టి అక్కడ నాకు ఎదురైన సంగతే చెబుతాను. నేను పనిలోకి వచ్చిన కొత్తలో, ఇంకా ఫిల్ము రోజుల్లో, మా గురువు గారు ఒక వేసవి ఉదయం నన్ను ఆ యార్డుకు తీసుకువెళ్లారు. లోపల అడుగు పెట్టగానే ఎర్రటి కాయల రాశులు, వరుసగా పేర్చిన టిక్కీలు (మిరప బస్తాలు), వాటి మీద పడుతున్న ఏటవాలు ఎండ చూసి నాకు కాలు నిలవలేదు. ఘాటుకు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూనే 36 ఫొటోల రీలు మొత్తం అయిపోగొట్టాను. ఆయన మాత్రం సంచీ జిప్పు కూడా తీయలేదు. ముఠా కూలీల పక్కన కూర్చుని టీ తాగారు, ఎవరి సరుకు ఎప్పుడు వచ్చిందో అడిగారు, రెండు రాత్రులుగా తన బస్తాల మీదే పడుకున్న ఒక రైతును పలకరించి ఆయన ఊరు, ఎన్ని ఎకరాలు వేశారు, కోతకూలి ఎంత అయింది అన్నీ విన్నారు. కొంతసేపటికి కొనుగోలుదారు అటుగా వచ్చాడు. అప్పుడు మా గురువు గారు లేచి, ఆ రైతు ముఖం మీద షెడ్డు బయటి వెలుగు పడేలా, కొనుగోలుదారు భుజం వెనక నిలబడ్డారు. ఆ వ్యక్తి బస్తాకు కోత పెట్టి, గుప్పెడు కాయలు తీసి, ఒకదాన్ని విరిచి లోపలి గింజ చూశాడు. రైతు కళ్లు విరిగిన కాయ మీద లేవు, విరిచిన మనిషి ముఖం మీద ఉన్నాయి. ఆ క్షణంలో గురువు గారు తీసినవి మూడే మూడు ఫొటోలు. మర్నాడు పత్రికలో వచ్చింది వాటిలో ఒకటి. నా 36 ఫొటోల్లోనూ మిరపకాయలే ఉన్నాయి, ఒక్క మనిషి కూడా లేడు. "రేటు చెప్పేవాణ్ని ఎవరైనా తీస్తారు, వినేవాణ్ని చూడు" అని ఆయన ఆ రోజు అన్న మాట తర్వాత ముప్పై ఏళ్లు నాకు ఎన్నికల ఫలితాల రోజునా, కోర్టు ఆవరణలోనూ, పరీక్ష ఫలితాల బోర్డు ముందూ పనికివచ్చింది.

యార్డుకు మీరు కూడా వెళతారు కాబట్టి సాంకేతికమైన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. డిజిటల్ కెమెరాలో ఎర్రటి రాశిని తీస్తే ఎరుపు రంగు మిగిలిన రెండు రంగుల కంటే ముందే నిండిపోతుంది, దానితో కాయ మీది ముడతలూ మెరుపూ పోయి అంతా ఒక ఎర్రటి ముద్దగా మిగులుతుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో, అంటే ఫొటోలో వెలుగూ చీకటీ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫులో, ఈ తేడా కనిపించకపోవచ్చు. మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ తెరిచి చూసుకుని, ఎక్స్‌పోజరును (కెమెరాలోకి చేరే వెలుగును) సగం స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి, ఒక స్టాపు తగ్గించడమంటే వెలుగును సగం చేయడం. ప్రెస్‌మీట్లలో మరో ఇబ్బంది ఉంటుంది: మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, షట్టరు వేగం ఎక్కువ పెడితే ఫొటో మీద నల్లటి చారలు పడతాయి. అలాంటి చోట షట్టరును సెకనులో 1/100 వంతు దగ్గర ఆపి, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగును గ్రహించే సున్నితత్వం) పెంచుకోండి. పత్రిక కాగితం మీద ఐఎస్ఓ 3200 గరుకుతనం ఎవరికీ కనిపించదు, చెయ్యి కదిలి మసకబారిన ముఖం మాత్రం అందరికీ కనిపిస్తుంది. పరిగెత్తే మనుషులకు 1/500కు తగ్గవద్దు. పరికరాల గురించి ఈ నెలకు ఇంత తెలిస్తే సరిపోతుంది. మీ 18-55 లెన్సు గురించి బెంగ పెట్టుకోకండి. దానితో దూరం నుంచి తీయలేరు కాబట్టి మనుషులకు దగ్గరగా వెళ్లి, వారితో మాట్లాడక తప్పదు, ఈ వయసులో మీకు కావలసిన అభ్యాసం అదే.

జేబులో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి కార్యక్రమం దగ్గర సమయం, ఆయన నిలబడిన చోటు, వాడిన లెన్సు, ఏ క్షణం కోసం ఆగారు అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. మర్నాడు పొద్దున పత్రిక తెరిచి, ఏ ఫొటో అచ్చయింది, ఎన్ని కాలమ్‌లలో వేశారు, ఏ అంచు కత్తిరించారు అన్నది ఆ పక్కనే రాయండి. మొదటి వారం గడిచాక, ఆయన తీరిక చూసుకుని, ఒక కార్యక్రమంలో తీసిన ఫొటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూపించమని అడగండి. ఫిల్ము రోజుల్లో మేం కాంటాక్ట్ షీటు (రీలులోని ఫొటోలన్నీ చిన్నవిగా ఒకే కాగితం మీద అచ్చువేసినది) మీద భూతద్దం పెట్టి చూసేవాళ్లం. గురువు గారి షీటు చూసినప్పుడే నాకు అర్థమైంది, ఆయన కూడా తప్పులు తీస్తారని, అయితే ప్రతి తప్పు తర్వాత ఒక అడుగు పక్కకు జరుగుతారని. అచ్చయిన ఫొటో ఒక్కటే చూసేవారికి ఆ అడుగులు తెలియవు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే విషయానికి వస్తాను. రైటప్, అంటే ఫొటోతో పాటు వెళ్లే వివరం, రాయడం ఫొటో తీయడంలో భాగమే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది అన్నవి తప్పు లేకుండా రాయలేకపోతే ఎంత గొప్ప ఫొటో అయినా పత్రికకు పనికిరాదు. నేను పనిలో చేరిన మొదటి ఏడాది ఒక పల్లెలో బావిలో పడి ఒక యువకుడు చనిపోయాడు. నేను ఇంటివారిని అడగడానికి జంకి, అక్కడ నిలబడిన మరొకరిని పేరు అడిగి రాసుకున్నాను. ఫిల్ము రీలునూ రైటప్ కాగితాన్నీ కవరులో పెట్టి, మా అలవాటు ప్రకారం ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి ఎడిషన్ కేంద్రానికి పంపాను. మర్నాడు పదింటికి మా ఆఫీసు గుమ్మంలో ఒక మనిషి పత్రిక పట్టుకుని నిలబడ్డాడు. చనిపోయినవాడి అన్న. నేను రాసింది ఆయన పేరు. ఆయన గట్టిగా మాట్లాడలేదు. "మా అమ్మ పొద్దుటి నుంచి నన్ను పట్టుకుని వదలడం లేదండి" అని మాత్రం అన్నాడు. గురువు గారు నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లారు, ఆ తల్లి ముందు నాతో క్షమాపణ చెప్పించారు, సవరణ అచ్చయ్యేదాకా డెస్కు వెంటపడ్డారు. ఆ తర్వాత నేను ఏ పేరునూ ఒకరి నోటితో విని వదిలేయలేదు. ఇంటిపేరుతో సహా అడగండి, రాసింది వారికి చూపించండి, చదవలేనివారైతే పైకి చదివి వినిపించండి. ముఖ్యంగా ఒకే ఇంట్లో ఒకేలా వినిపించే పేర్లు ఉంటాయని మరవకండి.

ఇక మీరు ఫొటోలు తీయవచ్చా అంటే, తప్పకుండా తీయాలి, అయితే కొన్ని పద్ధతులు పాటించాలి. ఆయన ఫ్రేములోకి ఎప్పుడూ రాకూడదు. ఆయన నిలబడిన చోటే ఆయన భుజం పక్కన దూరి అదే ఫొటో తీయడం వల్ల మీకు ఏమీ రాదు, ఆయనకు విసుగు వస్తుంది, కాబట్టి అదే సంఘటనకు ఎదురు వైపు వెళ్లి నిలబడండి. ఆయన పత్రికలో రాకముందు ఆ ఫొటోలు వాట్సాప్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ పెట్టకండి, వచ్చాక కూడా ఆయనను అడిగే పెట్టండి. ప్రభుత్వ సమాచార, పౌర సంబంధాల శాఖ పత్రికలవారికి ఇచ్చే అక్రిడిటేషన్ (గుర్తింపు) కార్డు మీకు ఉండదు, అందువల్ల మీరెవరో, ఎవరి వెంట వచ్చారో తెలిపే ఉత్తరం ఒకటి ఆ పత్రిక కార్యాలయం నుంచి అడిగి తీసుకుని జేబులో పెట్టుకోండి. పోలీసులు ఆపితే వాదించకుండా దాన్ని చూపించండి, అప్పటికీ పంపకపోతే వెనక్కి రండి. ఆ గొడవ మీ సీనియర్ మెడకు చుట్టుకోకూడదు.

రెండో వారం నుంచి రోజుకు ఒకే ఒక్క ఫొటోను ఎంచుకుని, దానికి మూడు వాక్యాల రైటప్ రాసి, సాయంత్రం ఆరు గంటలలోపు సిద్ధం చేసుకోండి. అచ్చు కాకపోయినా గడువు గడువే. వారం చివర ఆ ఫొటోలన్నిటినీ ఆయన ముందు పెట్టి, ఏది బాగుందని అడగకుండా, ఏది డెస్కు తీసుకోదో చెప్పమనండి. పొగడ్త కంటే ఆ జవాబు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: నేను జర్నలిజం పీజీ చేస్తూ ఒక సీనియర్ ఫొటోగ్రాఫరు వెంట వెళుతున్నాను. ఊరేగింపులు, గుంపులు, రాత్రివేళలు అంటే ఇంట్లో భయపడుతున్నారు. అంతకంటే నన్ను బాధపెడుతున్నది మరొకటి: ఆసుపత్రి దగ్గర ఏడుస్తున్న వారి ముందు కెమెరా ఎత్తడానికి నాకు చేయి రావడం లేదు. ఈ పనికి నేను తగనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, చేయి రాకపోవడం లోపం కాదు. ఎవరి దుఃఖం ముందైనా తడబాటు లేకుండా కెమెరా ఎత్తేవారిని చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ముందు మీ ఇంటివారి భయం గురించి చెబుతాను, అది న్యాయమైనదే. గుంపు మధ్యకు వెళ్లకుండా అంచున, వెనక గోడో మెట్లో ఉండేలా నిలబడండి. బయటపడే దారి ముందే చూసుకోండి. పోలీసులకూ ఆందోళనకారులకూ నడుమ ఖాళీగా కనిపించే జాగా ఎంత ఆకర్షించినా అక్కడికి వెళ్లకండి. రాత్రి పనికి రిపోర్టరు తోడు లేకుండా వెళ్లనని మొదటే చెప్పండి. ఎవరూ దాన్ని తప్పుపట్టకూడదు, తప్పుపట్టే చోట నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు. 1913లో నవ్‌సారీలో పుట్టిన హొమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, సైకిలు మీద కెమెరా సంచీతో ఢిల్లీ వీధులు తిరిగి స్వాతంత్ర్యం నాటి చరిత్రను ఫొటోల్లో నిలిపారు. ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, అంటే కెమెరా పక్కన పెట్టిన నలభై ఏళ్లకు. తెలుగు పత్రికల ఫొటో విభాగాల్లో స్త్రీలు ఇంకా తక్కువగానే ఉండటం నన్ను బాధించే విషయం. మేడారం జాతర మీకు దగ్గరే కదా. జంపన్నవాగులో స్నానాలు చేస్తున్న స్త్రీలను దూరం నుంచి పెద్ద లెన్సులతో తీసి ఏళ్ల తరబడి పత్రికలు అచ్చువేశాయి, అది తప్పు. ఎత్తు బంగారం (మొక్కుగా ఇచ్చే బెల్లం) తూచుకుంటూ, పసుపు పూసుకుంటూ, పిల్లలను చంకనెత్తుకుని గద్దెల వైపు నడిచే ఆ స్త్రీల దగ్గర కూర్చుని, అడిగి తీసే అవకాశం మగవాళ్ల కంటే మీకు ఎక్కువ, ఆ ఫొటోలు ఇంకా రావలసే ఉన్నాయి.

దుఃఖం సంగతికి వస్తే, కొంతవరకు చట్టమే గీత గీసింది. లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపు తెలిసే ఏ వివరమూ బయట పెట్టకూడదని పోక్సో చట్టంలోని సెక్షన్ 23, కేసుల్లో చిక్కుకున్న పిల్లలందరి విషయంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 74, అత్యాచార బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 72 చెబుతున్నాయి. ముఖం మసక చేస్తే చాలదు: ఇల్లు, వీధి, బడి యూనిఫాం, తండ్రి ముఖం కూడా ఆ పిల్ల ఎవరో చెప్పేస్తాయి. చట్టం మాట్లాడని చోట మీ మనసే నిర్ణయించాలి. నేను పాటించిన పద్ధతి ఇది: ముందు ఆ కుటుంబంలో ఒకరి దగ్గరికి, కెమెరా భుజాన వేలాడుతూ వారికి కనిపించేలా వెళ్లి, నేనెవరో చెప్పి నిలబడతాను. వద్దంటే తీయను. చాలాసార్లు వద్దనరు, తమవాడికి జరిగింది నలుగురికీ తెలియాలని వారికీ ఉంటుంది. మృతుల ముఖాలు తీయవద్దు. ముఖం తీయకూడదు కాబట్టి ప్రమాద స్థలంలో తెగిన చెప్పులు, చెల్లాచెదురైన పుస్తకాలు వెతకడం కూడా ఇప్పుడు ఒక అలవాటుగా మారింది, ప్రతి ప్రమాదంలోనూ అదే ఫొటో వస్తే అది చనిపోయిన మనిషి గురించి ఏమీ చెప్పదు.

ఇంకొకటి. 1993లో కెవిన్ కార్టర్ సూడాన్‌లో తీసిన, ఆకలితో కూలబడిన పసిబిడ్డ, వెనక రాబందు ఉన్న ఫొటో న్యూయార్క్ టైమ్స్‌లో రాగానే ఆ బిడ్డకు ఏమైందని పాఠకులు వరుసగా అడిగారు. ఆ పత్రిక ప్రత్యేకంగా వివరణ వేయవలసి వచ్చింది, ఆ వివరణలో కూడా పూర్తి జవాబు లేదు. మీరు తీసిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాడా లేదా అని మూడో రోజు వెళ్లి కనుక్కోండి. ఆ అలవాటు ఉంటే, కెమెరా ఎత్తిన క్షణం గురించి మనసు పడే బాధ కొంత తగ్గుతుంది.

ప్రశ్న: రెండు నెలలుగా ఒక పత్రికా ఫొటోగ్రాఫరు వెంట జీతం లేకుండా తిరుగుతున్నాను. నేను తీసిన వరద ఫొటో మొదటి పేజీలో, ఆయన పేరుతో వచ్చింది. అడగాలా, ఊరుకోవాలా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అడగాలి, అయితే ముందు ఆయనను, ఒంటరిగా, నిందించకుండా అడగాలి. ఫొటో ఎవరి లాగిన్ నుంచి వస్తే వారి పేరే డెస్కు వేయడం చాలాచోట్ల మామూలుగా జరిగేదే, కాబట్టి ఆయనకు తెలియకుండా జరిగి ఉండవచ్చు. తెలిసి జరిగితే మాత్రం అది తప్పు. హొమాయ్ వ్యారావాలా తొలి ఫొటోలు కూడా ఆమెకు ఈ పని నేర్పిన, తర్వాత భర్త అయిన మానెక్‌షా పేరుతోనే వచ్చాయి, ఎందుకంటే అప్పుడు ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని పేరును పత్రికలో వేస్తేనే కదా తెలిసేది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే దానికి మొదటి హక్కుదారు. పత్రికలో ఉద్యోగిగా ఉండి పత్రిక కోసం తీస్తే పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానికి వెళుతుంది, వేరే ఒప్పందం లేకపోతే మిగిలిన హక్కులు తీసినవారికే ఉంటాయి. మీరు ఉద్యోగి కారు, డబ్బు తీసుకుని ఎవరి కోసమూ తీయలేదు, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు అంటే ఆ ఫొటో మీదే. దానికి కర్తగా గుర్తింపు కోరే హక్కు కూడా అదే చట్టంలోని సెక్షన్ 57 మీకు ఇచ్చింది. ఇవన్నీ మీ సీనియర్‌తో పోట్లాడటానికి చెప్పడం లేదు. ఏ మాట ఎంతవరకు అడగవచ్చో మీకు తెలియాలని చెబుతున్నాను. ఇకమీదట కెమెరా మెనూలోనే మీ పేరు నమోదు చేసుకోండి, పంపే ప్రతి ఫైలు సమాచారంలో పేరు, తేదీ, స్థలం రాయండి, అసలు ఫైళ్లను చెరపకండి. జీతం లేకుండా రెండు నెలలు తిరగడం నేర్చుకోవడం అవుతుంది. ఆరు నెలలు తిరిగితే అది మీ శ్రమను వాడుకోవడమే. ఇప్పుడే ఒక గడువు మాట్లాడుకోండి.

ప్రశ్న: మంచి ఫొటోకు అడ్డంగా ఒక కరెంటు తీగ వచ్చింది. ఫోనులోనే ఒక్క వేలితో తీసేశాను. సీనియర్ కోప్పడ్డారు. వార్త మారలేదు కదా, తప్పేమిటి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ సీనియర్ మాటే సరి. ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం వార్తా ఫొటోలో ఎంత చిన్నదైనా కుదరదు. వెలుగు సరిచేయవచ్చు, అంచులు కత్తిరించవచ్చు, అంతవరకే. 2006లో లెబనాన్ యుద్ధ సమయంలో అద్నాన్ హజ్ అనే ఫొటోగ్రాఫరు బీరూట్ మీది పొగను కంప్యూటరులో చిక్కగా చేసినందుకు రాయిటర్స్ వార్తా సంస్థ ఆయన ఫొటోలు 920 తన భాండారం నుంచి తొలగించింది. వాటిలో నిజమైనవే ఎక్కువ ఉండి ఉంటాయి, కానీ ఇక ఎవరు నమ్ముతారు? తీగ అడ్డం వస్తే రెండు అడుగులు జరగండి, లేదా తీగతోనే తీయండి.

అయితే మన దగ్గర దీనికంటే ఎక్కువ జరిగే తప్పు ఒకటి ఉంది, దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. దండ వేసేటప్పుడు ఫొటో అందకపోతే "సార్, ఇంకొక్కసారి వేయండి" అని అడగడం, మొక్క నాటిన చేతితోనే మళ్లీ నాటించడం, ధర్నా చేస్తున్నవారిని పిడికిళ్లు ఎత్తమనడం. మీ సీనియర్ అలా చేయిస్తుంటే మీరు ఆయనను దిద్దలేరు, కానీ ఆ ఫొటో మీరు తీయకుండా ఊరుకోవచ్చు.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 31. మాది మహబూబ్‌నగర్ జిల్లా. ఉద్యోగం మానేసి ఏదైనా పత్రికలో చేరి మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది. ఆలస్యమైందా? అందరి చేతిలో ఫోన్లు ఉన్న రోజుల్లో ఈ ఉద్యోగాలు మిగులుతాయా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వయసు అడ్డం కాదు. టీవీ విలేకరిగా పనిచేస్తున్న దానిష్ సిద్దిఖీ ఆ పని వదిలి 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా చేరి మళ్లీ మొదలుపెట్టారు. ఎనిమిదేళ్లకు రోహింగ్యాల వలస ఫొటోలకు సహచరులతో కలిసి పులిట్జర్ బహుమతి అందుకున్నారు. 2021 జులైలో అఫ్గానిస్థాన్‌లో విధి నిర్వహణలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆయన పేరు ఉత్సాహానికి మాత్రమే తలచుకోవడం సరికాదు కాబట్టి ఆ ముగింపు కూడా చెబుతున్నాను.

ఉద్యోగాల విషయంలో మీకు తీపి మాట చెప్పలేను. 2013లో షికాగో సన్-టైమ్స్ తన 28 మంది ఫొటోగ్రాఫర్లనూ ఒకేసారి తీసేసి, విలేకరులకు ఫోనుతో ఫొటోలు తీయడం నేర్పించింది. మన పత్రికల్లోనూ స్థిరమైన జీతం ఉన్న ఫొటోగ్రాఫర్ల కంటే ఫొటోకు ఇంత అని తీసుకునేవారే ఎక్కువ. అందువల్ల ఉద్యోగం మానకండి. ఆదివారాలు మీవి. బెంగళూరు నిర్మాణ పనుల్లో పాలమూరు కూలీలు చాలా ఏళ్లుగా ఉన్నారు, మీ ఊరి భాషే వారిది. హాస్టలు నిర్మాణమో, అపార్ట్‌మెంటో, మీ ఇంటికి దగ్గరలో వారు గుడారాలు వేసుకున్న ఒక్క చోటును ఎంచుకోండి. మొదటి రెండు ఆదివారాలు కెమెరా లేకుండా వెళ్లి, ఏ మండలం నుంచి వచ్చారో, మేస్త్రీ ఎవరో, పిల్లలు ఊళ్లో ఉన్నారో ఇక్కడున్నారో వినండి. పత్రికా ఫొటోగ్రాఫరు ఎవరైనా దొరికితే ఆయనను కూడా ఒకసారి అక్కడికి తీసుకువెళ్లి, తాను ఎక్కడ నిలబడతారో చూడండి. ఏడాది పాటు అదే చోటుకు వెళ్లండి. తీసిన ప్రతి మంచి ఫొటోకూ ప్రింటు వేయించి వారికే తీసుకువెళ్లి ఇవ్వండి. ఇచ్చే ముందు దాని వెనక వారి పేరు, ఊరు మీ చేతితో రాసి, పైకి చదివి, సరిగా రాశారో లేదో వారినే అడగండి.